పెట్టె మీద గుడ్డ

హేచరీ వెనక వాటా నుంచి

చిన్నోడా,

నేను చెబుతున్నాను, పక్క వాటా నర్సమ్మ రాస్తోంది. క్షేమసమాచారాలు ఆవిడకి తోచినట్టు రాసుకుంటుంది, నేను అసలు సంగతికి వస్తాను.

నువ్వు పంపిన పెట్టె చేరింది. అరచేతిలో ఇమిడేంత ఉంది. మీ నాన్న దాన్ని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని లోపలికి తెచ్చాడు. నువ్వు పుట్టినప్పుడు కూడా నిన్నలా ఎత్తుకోలేదు. ఆసుపత్రిలో నిన్ను నా ఒళ్ళో పడేసి టీ తాగడానికి వెళ్ళిన మనిషి, నా తమ్ముడు. ఆ రోజు నుంచీ నిన్ను పెంచింది ఎవరో నీకు తెలుసు, ఇప్పుడా సంగతి ఎందుకులే.

కరెంటాయన వచ్చి పెట్టెని గుడ్లు పొదిగించే బీరువా పక్కన గోడకి బిగించాడు. మీ నాన్న వెంటనే ట్రేలు తిప్పే పిడి ఊడదీసి, స్టోర్ గదిలో పడేసి తాళం వేశాడు. "చిన్నోడు చెప్పాడక్కా, చెయ్యీ మెషినూ రెండూ తిప్పకూడదట" అన్నాడు. మా ఆయన పోయినప్పటి నుంచీ ఆ పిడి పట్టుకుని పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం ట్రేల్ని ఇటొకసారి అటొకసారి వంచింది నేను. వంచకపోతే లోపలి పిల్ల పెంకుకి అంటుకుని చస్తుంది. ఈ వీధిలోవాళ్ళు తమ ఇంటి గుడ్లని బుట్టల్లో పెట్టుకొచ్చి "నీ చేత్తో పెట్టమ్మా, నీ చెయ్యి మంచిది" అని ఇచ్చిపోతారు. ఇప్పుడు ఆ చేత్తో నేనేం చెయ్యాలి? గుడ్లకి కబుర్లు చెబుతూ కూర్చోనా?

ఇంకొకటి. నువ్వు ఫోన్లలో కనిపించే పేజీలు రాసేవాడివి కదా, నీకు కోడిగుడ్ల మెషీన్లతో పనేమిటి అని నర్సమ్మ అడుగుతోంది. ఆవిడ అడుగుతోందని రాయించాను కానీ అడిగేది నేనే.

వేలిముద్ర
మీ అత్త


ఆఫీసు, మూడో అంతస్తు

అత్తా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో ఒక్కడినే నవ్వుకున్నాను. పక్క సీటు వాళ్ళు నాకేమైందోనని చూశారు. ఫోన్ చేస్తే రెండు మాటలకే "సరే సరే, ఉంటా" అని పెట్టేస్తావు, ఉత్తరంలో అయితే నిజంగా మాట్లాడతావు. అందుకే నేనూ రాస్తున్నాను. నర్సమ్మగారికి నమస్కారాలు.

మీరిద్దరూ అడిగింది సరైన ప్రశ్నే. ఇన్నాళ్ళూ మెషీన్లని నడిపించే భాష వేరు, ఆ భాష తెలిసినవాళ్ళు వేరు. మాలాగా పేజీలు రాసేవాళ్ళం వాటి జోలికి వెళ్ళేవాళ్ళం కాదు. ఫోన్‌లో బటన్ నొక్కితే బొమ్మ కదులుతుంది చూడు, ఆ కదిలించే భాష పేరు జావాస్క్రిప్ట్. దాన్ని మేమిప్పుడు గోరంత చిప్ మీద నేరుగా నడుపుతున్నాం. మధ్యలో పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. బొమ్మని కదిలించే మాటతోనే మోటారునీ కదిలిస్తాం. ఇక పేజీలు రాయడం వచ్చిన ఎవడైనా ఫ్యానూ, పంపూ, తాళం, నీ గుడ్ల బీరువా, ఏదైనా నడపొచ్చు.

అన్నిటికన్నా గొప్ప సంగతి చెప్పనా? నేనిక్కడ కూర్చుని నా స్క్రిప్ట్‌లో ఒక ముక్క మారిస్తే, అక్కడ ఆ పెట్టె నడత ఆ క్షణమే మారిపోతుంది. మూత విప్పక్కర్లేదు, స్క్రూ తిప్పక్కర్లేదు. మీకు తెలియను కూడా తెలియదు.

నిన్ను ఆ గదిలోంచి పంపడానికి కాదత్తా ఇదంతా. నీ భుజం నొప్పి తగ్గాలని. పెద్ద హేచరీల వాళ్ళ కోసం ఒక పేజీ కూడా పెట్టాను. నీ బీరువా లోపల వేడెంతో, తేమెంతో వాళ్ళ ఫోన్లలోనే చూసుకుంటున్నారు. ఈ విడత బాగా పొదిగితే మా కంపెనీకి పెద్ద ఆర్డరు, నాకు నా సొంత టీమ్.

నీ చిన్నోడు


హేచరీ వెనక వాటా నుంచి

చిన్నోడా,

నీ ఉత్తరం నర్సమ్మ చదివి వినిపించింది. గోరంత చిప్ దగ్గర ఆవిడే ఆగి తన గోరు చూసుకుంది.

నీకొక మాట చెబుతాను, మీ నాన్న చెవిన వెయ్యకు. ఆ పెట్టె మీద పచ్చ లైటు ఒకటి మిటకరిస్తూ ఉంటుంది. ఎవరో ఒంటికన్ను వాడు గోడలోంచి నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. మొదటి రోజు ఒళ్ళు మండి నా పాత చీర ముక్క దాని మీద కప్పాను. కాసేపటికి ఊపిరాడని బిడ్డ ముఖం మీద గుడ్డ వేసినట్టు అనిపించి నేనే తీసేశాను. మళ్ళీ వెయ్యలేదు. నీ బుర్రలోంచి పుట్టిందని ఇప్పుడు రోజూ దుమ్ము కూడా తుడుస్తున్నాను, చాలా?

రెండోది పని మాట. బీరువా అద్దంలోంచి చూస్తున్నాను. నేను ఎప్పుడు చూసినా ట్రేలు ఎడమ వైపుకే వాలి ఉంటున్నాయి. మీ నాన్నకి చెప్పాను. "నువ్వు చూడనప్పుడు తిరిగొస్తాయక్కా" అన్నాడు. అది మెషినా, దాగుడుమూతలు ఆడే పిల్లా? పిడి ఇవ్వరా, ఒక్కసారి వంచుతానంటే ఇవ్వలేదు. నువ్వు చెబితే ఇస్తాడు. చెప్పు.

వేలిముద్ర
మీ అత్త


ఆఫీసు

అత్తా,

తొందరలో రాస్తున్నాను, రోజంతా పెట్టెలు కొనే పార్టీలకి నీ గది చూపించడమే సరిపోతోంది. పొద్దున ఒక్కసారే ఎంతమంది ఆ పేజీ తెరిచారో తెలుసా!

ట్రేలు తిరుగుతున్నాయి. నా తెర మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. తిరిగి యథాస్థానానికి వచ్చాక నువ్వు చూస్తున్నావు, అంతే. దయచేసి తలుపు తెరవకు, వేడి పోతుంది. పిడి సంగతి మరిచిపో. కళ్ళద్దాలు మార్పించుకో, నాన్నకి చెబుతాను.

చిన్నోడు


హేచరీ వెనక వాటా నుంచి

నా తమ్ముడి కొడుక్కి,

నర్సమ్మకి ముందే చెప్పాను, తిట్లు వచ్చినచోట తిట్లు రాయమని. రాయనంటోంది. కాబట్టి కొన్నిచోట్ల నీకు ఖాళీ కనిపిస్తే అక్కడ ఏముందో నువ్వే ఊహించుకో, చిన్నప్పుడు చాలా విన్నావు.

పిల్లలు వచ్చే రోజున బీరువా తెరిచాం. ఆ రోజు గదిలోకి అడుగుపెడితే కిచకిచమని చెవులు గింగురుమనాలి. ఎక్కడో ఒక మూల నుంచి ఒకటి రెండు గొంతులు, అంతే. గుడ్డు తరవాత గుడ్డు నా చేత్తో పగలగొట్టి చూశాను. అన్నీ పూర్తిగా ఎదిగిన పిల్లలు. బొచ్చుతో సహా. ఒక పక్కకి పెంకుకి అతుక్కుపోయి, ముక్కు ఎత్తలేక లోపలే పోయాయి. నేను లాగితే తోలు వచ్చింది.

వీధిలోవాళ్ళు బుట్టలు పట్టుకుని బయట నిలబడి ఉన్నారు. అందరి ఎదుటా మీ నాన్న నోరు తెరిచాడు. "మా అక్క పెట్టె మీద గుడ్డ కప్పింది. దానికి గాలాడక మెషిన్ చచ్చింది. మెషినంటే మొదట్నుంచీ పడదు ఈవిడకి" అన్నాడు.

గుడ్డ సంగతి మీ నాన్నకి ఎవరు చెప్పారు?

వాడు చూస్తుండగా నేను కప్పలేదు. నర్సమ్మ చెప్పలేదు, ఆవిడ ఒట్టు పెడుతోంది, పెట్టక్కర్లేదు. మిగిలింది నువ్వు. "మీ నాన్న చెవిన వెయ్యకు" అని నిన్ను నమ్మి రాయించిన మాట, వీధిలో నలుగురి ముందు నా మొహాన పడింది. దాణా కొట్టాయన పెళ్ళాం తన బుట్ట వైపు నేను చెయ్యి చాపితే బుట్ట వెనక్కి లాక్కుంది. తిట్టినా బాగుండేది.

గది తాళంచెవి మీ నాన్న నా కొంగు ముడిలోంచి తీసుకున్నాడు. "నీకు వయసైపోయిందక్కా, కూర్చో" అన్నాడు.

ఇదీ నా తరఫు మాట, విను. గుడ్డ మొదటి రోజు కప్పాను, ఆ రోజే తీశాను. తీశాక పెట్టె బతికే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది, నీ పార్టీలు చూస్తూనే ఉన్నారు. ట్రేలు వాలిపోయి ఉన్నాయని మీ నాన్నకి చెప్పాను, నీకు రాయించాను. నువ్వు కళ్ళద్దాలు మార్చుకోమన్నావు. నాకు తెలిసి ఇదంతా ఆ కరెంటు వెధవ వైర్లు తప్పు బిగించిన పని. వాడి ఇంటికెళ్ళి వాడిని దులిపేసి వచ్చాను. నువ్వు మీ నాన్నకి చెప్పు, తప్పు గుడ్డది కాదని. నీ మాటైతే వింటాడు.

వేలిముద్ర
అత్త


ఆఫీసు, మూడో అంతస్తు

పూజ్యులైన అత్తయ్యగారికి,

నమస్కారాలు. జరిగినదానికి నాకు చాలా బాధగా ఉంది.

నాన్న ఫోన్ చేసి గట్టిగా అరిచారు. కారణం ఏమై ఉంటుందని అడిగారు. ఆ కంగారులో నాకు గుర్తొచ్చినవన్నీ చెప్పాను. గుడ్డ వల్లే అని నేను అనలేదు. గుడ్డ వల్ల కూడా అయి ఉండొచ్చు అన్నాను. నాన్న దాన్ని అలా తీసుకుంటారని అనుకోలేదు.

సాంకేతికంగా అనేక కారణాలు ఉండవచ్చు. పరిశీలిస్తున్నాం. ఈలోగా మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి. ఇన్నేళ్ళు కష్టపడ్డారు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటే మీకూ మంచిదే కదా.

మీ విధేయుడు


హేచరీ వెనక వాటా నుంచి

కంపెనీ ఇంజనీరు గారికి,

నువ్వు నన్ను "మీరు" అన్నావని నర్సమ్మ చదవగానే, నాకు ఉత్తరం మొత్తం అర్థమైపోయింది. మిగతాది ఆవిడ శ్రమపడి చదివింది.

ఇక్కడి కబుర్లు విను. మీ నాన్న రెండో విడత గుడ్లు పెట్టాడు. పిల్లలు దిగాయి. గది బయటికి కూడా వినిపించేంత కిచకిచ. వెనక వాటాలో కూర్చుని విన్నాను. నాకు సంతోషం కలిగింది, అది వేరే సంగతి, కోడిపిల్లలకి నా మీద పగేముంది. కానీ సాయంత్రానికి వీధంతా ఒకటే మాట: అదే గది, అదే బీరువా, అదే పెట్టె, ముసలమ్మ చెయ్యి ఒకటే తీసేశారు, చూడండి ఎంత బాగా పొదిగిందో. నీళ్ళ కుళాయి దగ్గర నేను వినాలనే అన్నారు. నర్సమ్మ ఎదురు తిరగబోయింది, నేనే చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చాను. ఏమని ఎదురు చెబుతాం? కళ్ళ ముందు పిల్లలు తిరుగుతున్నాయి.

తరవాత కరెంటాయన దగ్గరికి వెళ్ళాను. "నిన్ను పిలిచి వైర్లు మార్పించాడా మా తమ్ముడు?" అని అడిగాను. లేదన్నాడు. పెట్టె మూత ఎవరైనా విప్పారా అంటే, తను వేసిన సీలు వేసినట్టే ఉందన్నాడు. అంటే తప్పు అతనిది కాదు. అతని గుమ్మంలో నిలబడి, వీధిలోకి వినిపించేలా, "అనవసరంగా తిట్టాను నాయనా, నాదే పొరపాటు" అని చెప్పి వచ్చాను. అతను సిగ్గుపడి కుర్చీ వేశాడు.

ఇంటికొచ్చి నర్సమ్మ చేత నీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివించుకున్నాను. నీ నవ్వు, నర్సమ్మకి పెట్టిన నమస్కారాలు, గోరంత చిప్, అన్నీ దాటాక ఒక మాట ఉంది. నువ్వక్కడ కూర్చుని ఒక ముక్క మారిస్తే ఇక్కడ పెట్టె నడత మారుతుందని. మూత విప్పక్కర్లేదని. మాకు తెలియను కూడా తెలియదని.

ఏమైనా మార్చావా? ఎప్పుడు మార్చావు?

అవునంటే అవునను, కాదంటే కాదను. పరిశీలిస్తున్నాం అని మాత్రం రాయకు. నిన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని దగ్గు మందు తాగించిన దాన్ని, నువ్వు మింగావో బుగ్గన దాచావో అప్పుడూ నాకు తెలిసేది.

వేలిముద్ర


అద్దె గది నుంచి

అత్తా,

మార్చాను.

ఆఫీసులో కూర్చుని ఇది రాయలేక గదికి వచ్చాను.

పేజీలు రాసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. పేజీ బిగుసుకుపోతే బుర్ర బద్దలు కొట్టుకోం, మళ్ళీ లోడ్ చేస్తాం. మొదటి నుంచి శుభ్రంగా మొదలవుతుంది, ఎవరికీ నష్టం ఉండదు. ఆ అలవాటు నా వేళ్ళలోనే ఉంది. చిప్‌కి జ్ఞాపకం తక్కువ. అది నిండినప్పుడల్లా పెట్టె తనంతట తానే ఆగి మళ్ళీ మొదలయ్యేలా రాశాను. వేడి విషయంలో ఇబ్బంది లేదు, మొదలవగానే చూసి సరిచేసుకుంటుంది. కానీ ట్రేలు ఇంతసేపటికి తిప్పాలి అనే లెక్క కూడా ప్రతిసారీ మొదటికి వచ్చేది. నేను పరీక్షించినప్పుడు బాగానే తిరిగింది. ఆర్డరు కోసం పార్టీలందరి చేతా ఆ పేజీ తెరిపించాను కదా, ఆ పేజీ పంపేదీ ఈ చిప్పే, చూసేవాళ్ళు పెరిగేకొద్దీ జ్ఞాపకం తొందరగా నిండిపోయింది. తిప్పే వేళ వచ్చేలోపే పెట్టె మళ్ళీ మొదటికి పోయేది. మోటారుకి వంతు రానే లేదు. తెర మీద నేను చూసిన పచ్చ రంగు వేడిది. ట్రేలది కాదు. ట్రేల కోసం నేను ఏ రంగూ పెట్టలేదు.

నువ్వు రాసిన తరవాత ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూసి ఉంటే దొరికేది. చూడలేదు. గుడ్లు పాడైన మర్నాడు చూశాను, దొరికింది. ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకునేలా మార్చి ఇక్కడి నుంచే పంపాను. అప్పటికే నాన్నతో గుడ్డ మాట అనేశాను.

గుడ్డకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇది నీకు తెలియాలి.

ఆర్డరు ఈ నెలలో ఖాయమవుతుంది. అంతవరకూ ఇది మన మధ్యే ఉంచు. తరవాత నాన్నకి నేనే చెబుతాను. నాకు ఇప్పుడు ఇది పోతే ఇంకేమీ లేదు అత్తా.

చిన్నోడు


హేచరీ వెనక వాటా నుంచి

చిన్నోడా,

మన మధ్యే ఉంచమన్నావు. నీకూ నాకూ మధ్య నర్సమ్మ ఉందని మరిచిపోయావా? నాకు చదువు రాదురా. నీ మాట ఏదైనా ఆవిడ గొంతులోంచే నా దగ్గరికి వస్తుంది. "గుడ్డకీ దానికీ సంబంధం లేదు" అన్నచోట ఆవిడ కాగితం దించింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

ఈ కాగితం పట్టుకెళ్ళి దాణా కొట్టు ముందు నిలబడి చదువుతానని బయలుదేరింది. నేనే గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. నిన్ను కాపాడటానికి అనుకోకు. కాగితం చదివితే ఏమంటారు? ముసలమ్మ ఎవరి చేతో రాయించుకుందంటారు. నీ పేరు పోగొట్టి నా పేరు తెచ్చుకోవాలని కూడా నాకు లేదు, నువ్వు వచ్చి చెబితే నీ పేరు పోదు. తప్పు చేసిన వాడు గుమ్మంలోకి వచ్చి చెబితే కుర్చీ వేస్తారు. నాకు వేశారు.

రా. ఒక్క రోజు చాలు. మీ నాన్న దగ్గర మొదలుపెట్టు, ఆ తరవాత బుట్టలు ఇచ్చిన ఇళ్ళు. నేను వెంట రాను, పక్కన నిలబడి నిన్ను చిన్నబుచ్చను. ఇంట్లోనే కూర్చుంటాను. "మా అత్త చెయ్యి కాదు, నా రాత" అని ఆ ఒక్క ముక్క చెప్పు. ఏ భాషలో చెబుతావో నీ ఇష్టం.

నీ ఆర్డరు ఖాయమయ్యాకే రా. అంతవరకూ నేనూ నర్సమ్మా నోరు కట్టేసుకుంటాం.

వేలిముద్ర
మీ అత్త


ఆఫీసు, నాలుగో అంతస్తు

అత్తా,

ఆర్డరు వచ్చింది. సీటు పై అంతస్తుకి మారింది.

నాన్నకి ఫోన్‌లో మొత్తం చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. మొత్తం విన్నారు. తరవాత, "అయిందేదో అయింది, నేను నలుగురిలో అన్న మాట ఇప్పుడు మళ్ళీ ఎక్కడ మింగను? హేచరీకీ మంచిది కాదు, నీ కంపెనీకీ మంచిది కాదు. అక్కకి తాళంచెవి తిరిగి ఇచ్చేస్తాను, గదిలోకి రానీ. అందరికీ అక్కని క్షమించానని చెబుతాను" అన్నారు.

గది మళ్ళీ నీదే కదా. అది ముఖ్యం కాదా?

వెంటనే బయలుదేరి రావాలనే ఉంది. కానీ కొత్త హేచరీల్లో పెట్టెలు పెట్టించాలి, వరసగా ఊళ్ళు తిరగాలి. ఇప్పట్లో కుదిరేలా లేదు. నీ గదిలో పెట్టెకి పచ్చ లైటు రాకుండా ఇక్కడి నుంచే మార్చాను, చూశావా? నీకది ఇష్టం లేదన్నావు కదా.

నీ చిన్నోడు


హేచరీ వెనక వాటా నుంచి

లైటు ఆగిందని కరెంటాయన చెప్పాడు. నేను చూడలేదు.

తాళంచెవి దాణా కొట్టాయన చేత పంపించాడు మీ నాన్న. "తమ్ముడు క్షమించాడమ్మా, ఇక దిగులు మానెయ్యి" అని ఆయన నా చేతిలో పెట్టాడు. మంచి మనిషి, నా తరఫున సంతోషపడుతూ వచ్చాడు. చెవి తిరిగి ఆయన చేతిలోనే పెట్టి పంపాను. చెయ్యని తప్పుకి వాడి క్షమ పుచ్చుకుని ఆ గదిలోకి వెళితే, నేనే చేశానని ఆ గుడ్లకి కూడా చెప్పినట్టు. ముసలిదానికి పొగరు తగ్గలేదని ఇప్పుడు కొత్త మాట బయలుదేరింది.

నర్సమ్మ వాళ్ళ చెల్లెలి ఇంట్లో పొదుగుకొచ్చిన కోడి ఒకటి ఉంటే తెప్పించుకున్నాను. వాటా మూల బుట్టలో కూర్చోబెట్టాను. దాని కింద పెట్టడానికి గుడ్లు అడిగితే వీధిలో ఒక్కరూ ఇవ్వలేదు. బజారు అవతలి వీధికి వెళ్ళి తెచ్చుకున్నాను, అక్కడ నన్నింకా ఎవరూ ఎరగరు. పిల్లలు దిగాయి. ఎవరికీ చూపించలేదు.

నీ పెట్టెని అక్కడ కూర్చుని ఎన్నిసార్లయినా మార్చుకో. గుర్తుంచుకోవడం దానికి నేర్పావు, సంతోషం.

ఇకమీదట నాకు రాయకు. నర్సమ్మ ఉంది కనక ఇక్కడ చదవడానికి మనిషి ఉంది. వినడానికి లేదు.

ఈ కింద పడిన ముద్ర, మీరంతా తప్పుపట్టిన ఆ చేతి వేలిదే.

వేలిముద్ర